బుచ్చి దగ్గర మా ఉమ్మడి స్థలంలో బేస్‌మట్టం దాకా లేచాక పని ఆపించారు, ఏం చేయాలి?

పెన్నాగట్టు

అందరికీ నమస్కారం. మాది బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా. ఊళ్లో మా తాత కొన్న స్థలం 30 అంకణాలు ఉంది, అంటే దగ్గర దగ్గర అయిదు సెంట్లు. గ్రామకంఠంలో (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత జాగాలో) ఉంది. అందులోని పాత పెంకుటిల్లు రెండేళ్ల కిందట వానలకి కూలిపోయింది. నాయన లేడు. అమ్మ ఒక అద్దె గదిలో ఉంటోంది. సొంత జాగా పెట్టుకుని అమ్మ ఇంకొకరి గడపలో ఉండటం చూడలేక ఇల్లు మొదలుపెట్టా.

మొదలుపెట్టే ముందు చిన్నాయన దగ్గరికి పోయి అడిగా. "కట్టుకో అబ్బయ్యా, మీ అమ్మకి నీడ ఉండాల గదా" అన్నాడు. శంకుస్థాపన రోజు కొబ్బరికాయ కొట్టింది కూడా ఆయనే. పునాదులు తీసి, బేస్‌మట్టం లేపి, లోపల మట్టి కూడా తోలించా. నాలుగున్నర లక్షలు అయింది. ఇప్పుడు చిన్నాయన కొడుకులిద్దరూ వచ్చి పని ఆపించారు. పంపకాలు కాకుండా ఎట్ట కడతావంటున్నారు. చిన్నాయన తల దించుకుని కూర్చుంటున్నాడే గానీ ఏం మాట్లాడటం లేదు. మేం కాగితం ఏమీ రాసుకోలేదు. పంచాయతీలో ప్లాన్ మాత్రం తీసుకున్నా, ఇంటి పన్ను ఇప్పటికీ నాయన పేరు మీదే వస్తుంది.

మేస్త్రీ పిల్లర్లకి ఇనుము కట్టి పెట్టి రోజూ ఫోన్ చేస్తున్నాడు. ఇనుము వానకి తుప్పు పడుతోంది. నిద్ర పట్టడం లేదు. పని కొనసాగించొచ్చా?

కోవూరు_సెంటర్

తమ్ముడూ, ఆగొద్దు. శుక్రవారం సాయంత్రం మొదలుపెట్టి శని, ఆదివారాలు రాత్రీ పగలూ పని చేయించు. కోర్టు తెరిచేసరికి పిల్లర్లు లేచిపోవాలి. లేచిన ఇంటిని ఎవరూ పడగొట్టరు. ఆగితే మాత్రం ఆ బేస్‌మట్టం మీద తుమ్మచెట్లు మొలుస్తాయి. మా వీధిలో అట్లాంటిది ఒకటి ఉంది, పన్నెండేళ్లయింది.

కావలి_వకీలు

పై సలహా దయచేసి పాటించకండి. చిన్న కోర్టుల్లో 20 ఏళ్లుగా ఇలాంటి కేసులే చూస్తున్నాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

పంపకం జరిగేదాకా ఉమ్మడి స్థలంలో ప్రతి అడుగులోనూ అందరికీ హక్కు ఉంటుంది. ఒకరు ఒక మూల కాపురం ఉండొచ్చు, గడ్డివాము వేసుకోవచ్చు. మిగతావాళ్లు ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం మాత్రం లేపకూడదు. వాళ్లు పార్టిషన్ (పంపకాల) దావా వేసి ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) అడిగితే, కోర్టు తన తరఫున చూసి రావడానికి ఒక లాయర్ని అడ్వకేట్ కమిషనర్‌గా పంపి ఆ రోజు ఎంతవరకు లేచిందో ఫొటోలతో సహా రాయిస్తుంది. అభ్యంతరం చెప్పాక హడావిడిగా కట్టింది మీ మంచితనానికి సాక్ష్యం అవదు, మీ దురుద్దేశానికి సాక్ష్యం అవుతుంది. ఆర్డర్ వచ్చాక కూడా కడితే తీసేయమని చెప్పే అధికారం కోర్టుకి ఉంది.

మీకు అనుకూలమైనదీ ఉంది. చిన్నాయన దగ్గరుండి పునాది వేయించారు. కళ్ల ముందు ఖర్చు పెట్టనిచ్చి, తర్వాత పడగొట్టమంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. శంకుస్థాపన ఫొటోలు, వాట్సాప్ మెసేజ్‌లు, సిమెంటు బిల్లులు అన్నీ జాగ్రత్తగా పెట్టుకోండి. పంపకాల దావాలో కట్టడం ఉన్న భాగాన్ని వీలైనంతవరకు కట్టినవాళ్ల వాటాలోకి వచ్చేట్టు చూస్తారు. అది న్యాయం కోసం కోర్టు చేసే సర్దుబాటు. మీ వాటా ఎంతో అంతవరకే ఆ సర్దుబాటు.

పంచాయతీ ప్లాన్, ఇంటి పన్ను రసీదు, కరెంటు మీటరు, ఈ మూడూ స్థలం మీద హక్కు ఇవ్వవు. ప్లాన్ ఇచ్చేవాళ్లు కట్టడం నిబంధనల ప్రకారం ఉందా అని చూస్తారు గానీ హక్కు తేల్చరు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ స్థలం తాతగారికి వాళ్ల నాన్న నుంచి వచ్చిందా, ఆయన సొంతంగా కొన్నారా? వీలునామా ఉందా? ఆయన ఎప్పుడు పోయారు?

పెన్నాగట్టు

తాత కూలి చేసి కూడబెట్టి కొన్నాడు సార్. రిజిస్టర్ దస్తావేజు అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. వీలునామా లేదు. ఆయన 1990ల్లో పోయాడు. నాయనమ్మ అంతకుముందే పోయింది.

కావలి_వకీలు

అయితే వినండి. తాతగారి స్వార్జితం, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయారు. అప్పుడు కొడుకుకి వచ్చిన వాటా ఆ కొడుకు సొంత ఆస్తి అవుతుంది. మనవళ్లకి అందులో పుట్టుకతో హక్కు రాదని 1986లో సుప్రీంకోర్టు చందర్ సేన్ కేసులో చెప్పింది. అంటే మీ చిన్నాయన బతికుండగా ఆయన కొడుకులకి ఈ స్థలంలో సొంతంగా వాటా లేదు. అభ్యంతరం చెప్పాల్సింది ఆయన. కాబట్టి మీరు మాట్లాడాల్సింది కూడా ఆయనతోనే.

కొలతగొలుసు

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లా సంగతి వకీలు గారు చెబుతున్నారు, నేను నేల సంగతి అడుగుతా. స్థలం పొడవు, వెడల్పు ఎంత? రోడ్డు ఎటు? నువ్వు బేస్‌మట్టం ఎక్కడ, ఎంత వేశావు నాయనా?

పెన్నాగట్టు

36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు సార్. రోడ్డు తూర్పున, 36 అడుగుల వైపు. బేస్‌మట్టం 24కి 42, రోడ్డు అంచు నుంచే వేశా. దక్షిణం పక్కన 12 అడుగులు వదిలా, వెనక 18 అడుగులు వదిలా.

కొలతగొలుసు

మన నెల్లూరు లెక్కలో అంకణం అంటే 72 చదరపు అడుగులు. (తిరుపతి వైపు 36 అంటారు, అందుకే పాత కాగితాల్లో అంకణం అని ఉంటే ఏ ఊరి లెక్కో చూసుకోవాలి.) 36ని 60తో గుణిస్తే 2160, సరిగ్గా 30 అంకణాలు. బాగుంది. నువ్వు కట్టింది 1008 అడుగులు, అంటే 14 అంకణాలు. వెనక 9 మిగిలింది, పక్క సందులో 7 మిగిలింది.

ఇద్దరన్నదమ్ములే అనుకుని 15, 15 వేసుకున్నా, రోడ్డు ముఖం 36లో 24 అడుగులు నువ్వే తీసుకున్నావు. మీ చిన్నాయన వాళ్లకి 12 అడుగుల సందు, దాని చివర 18 అడుగుల వెనక జాగా. వాళ్ల పిల్లలకి పెళ్లయితే అక్కడ ఎట్ట కట్టుకుంటారు? నువ్వు చెడ్డ ఉద్దేశంతో చేశావని అనడం లేదు. బెంగళూరు నుంచి ఫోన్లో మేస్త్రీకి చెబితే ఇట్లాగే అవుతుంది, మేస్త్రీ ఇంటికి ఏది అందమో అది చూస్తాడు. ఆ పిల్లల కోపం వెనక ఈ 24 అడుగులు ఉన్నాయని మాత్రం నాకు అనిపిస్తోంది.

గ్రామకంఠం అన్నావు. ఊరంతా ఒకే సర్వే నంబరు కింద ఉంటుంది. ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఇళ్ల మధ్య హద్దులు దొరకవు, అడంగల్, 1బి లాంటి రెవెన్యూ రికార్డుల్లో పేరు ఉండదు. కాబట్టి తాత దస్తావేజులో చెక్కుబందీ ఏం రాశారో అదే ఆధారం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఎవరెవరు ఉన్నారో చదివి ఇప్పటి మనుషులతో సరిచూసుకో. ఊళ్లలో ఇళ్ల జాగాలు కొలిచే స్వమిత్వ డ్రోన్ సర్వే మీ ఊళ్లో జరిగి ఉంటే ఈ జాగా ఎవరి పేరుతో నమోదైందో సచివాలయంలో అడుగు.

ఒంగోలు_ఆడపడుచు

ఇంతసేపూ చదువుతున్నాను. ఇద్దరన్నదమ్ములు అంటున్నారు. మీ తాతగారికి కూతుళ్లు లేరా?

పెన్నాగట్టు

ఒక మేనత్త ఉంది అక్కా. అల్లూరులో ఉంటుంది. ఆమె పెళ్లి అయి చాలా ఏళ్లయింది. బంగారం, పొలంలో కొంత పసుపు కుంకుమ కింద ఇచ్చారని అమ్మ చెబుతుంది. ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు.

ఒంగోలు_ఆడపడుచు

అడగలేదు గనక వద్దన్నట్టు కాదు బాబూ.

నా సంగతి చెబుతాను. మా నాన్న పోయాక ఆయన స్థలంలో మా తమ్ముళ్లిద్దరూ మూడంతస్తుల మేడ కట్టారు. గృహప్రవేశానికి పిలిచి చీర పెట్టారు. నేను సంతోషంగా వెళ్లాను, పాలు పొంగించింది నేనే. తర్వాత మా ఆయన మంచాన పడ్డప్పుడు ఆసుపత్రి ఖర్చుకి నా వాటాకి ఏదైనా ఇవ్వండిరా అని నోరు తెరిచి అడిగాను. "మేడ కట్టింది మేము, నీ వాటా ఎక్కడుంది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. డబ్బు కోసం కాదు, నేను ఆ ఇంటి బిడ్డని కాదన్నట్టు అనిపించింది. దావా వేశాను. ఏడేళ్లు నడిచింది. గెలిచాను, కానీ తమ్ముళ్లు దూరమైపోయారు. మా నాన్న తద్దినానికి కూడా ఎవరింట్లో వాళ్లు పెట్టుకుంటున్నాం.

మీరు ఇప్పుడే మీ మేనత్త దగ్గరికి వెళ్లండి. గోడలు లేవక ముందే.

కావలి_వకీలు

అక్క గారు అడిగింది నేను మొదటే అడగాల్సిన ప్రశ్న. కూతురి హక్కు అనగానే చాలామంది 2005 సవరణ గుర్తు చేసుకుంటారు. మన రాష్ట్రంలో అంతకుముందే 1986లో చట్టం వచ్చింది, అది పెళ్లికాని కూతుళ్లకి. ఆ రెండూ ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తండ్రి స్వార్జితం విషయంలో ఆ సవరణలతో పనే లేదు. 1956 నుంచీ కొడుకులతో పాటు కూతురికి సమాన వాటా. పెళ్లి ఎప్పుడైందన్నది, పసుపు కుంకుమ ఎంత ఇచ్చారన్నది ఆ వాటాని తీసేయవు.

కాబట్టి మీ స్థలంలో మూడు వాటాలు, తలా 10 అంకణాలు. మీ నాన్నగారి 10లో మీ అమ్మ, మీరు, మీకు అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లు సమానం. మీరు 14 అంకణాల్లో కట్టారు. లెక్క మీకే తెలుస్తుంది.

పెన్నాగట్టు

నాకు ఒక చెల్లెలు ఉంది సార్. ఇది చదివాక ఆమెకి ఫోన్ చేశా. "నన్ను కూడా అడగలేదుగా అన్నా" అంది, మెల్లగానే అంది. నాకు మాట రాలేదు.

టంగుటూరు_తమ్ముడు

ఇదే దారిలో నాదీ ఒక గొడవ ఉంది, చెప్పొచ్చా? మా అన్న పేరు మీద ఇల్లు. పైన నువ్వు వేసుకోరా అంటే 11 లక్షలు పెట్టి పై పోర్షన్ కట్టుకున్నా. తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంటున్నాం. ఇప్పుడు అన్న అప్పుల్లో ఉన్నాడు, ఇల్లు అమ్మాలంటున్నాడు. కొనేవాళ్లు మొత్తం ఖాళీ చేయించి ఇవ్వమంటున్నారు. నా పోర్షన్ నాది కాదా? పన్నెండేళ్లు దాటితే నాదైపోతుందని ఒకాయన అన్నాడు.

కావలి_వకీలు

పన్నెండేళ్ల మాట మర్చిపోండి. అన్న ఇష్టంతో ఉంటున్నారు కాబట్టి ఎన్నేళ్లున్నా అది ప్రతికూల స్వాధీనం (సొంతదారు ఇష్టం లేకుండా ఏళ్ల తరబడి అనుభవించి హక్కు సంపాదించడం) అవదు. ఈ అపోహ వల్ల ఎంతమంది మోసపోయారో.

మీకున్నది చట్టం భాషలో లైసెన్సు, అంటే ఇంకొకరి ఆస్తిని వాడుకునే అనుమతి. 1882 ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 60 ప్రకారం, అనుమతి తీసుకుని దాన్ని నమ్మి సొంత ఖర్చుతో శాశ్వత కట్టడం కడితే, ఇచ్చినవాళ్లు ఇష్టమొచ్చినప్పుడు ఆ అనుమతిని రద్దు చేయలేరు. కాబట్టి మీ అన్న రేపు పొద్దున పొమ్మంటే పోనవసరం లేదు. అయితే అదే చట్టంలో సెక్షన్ 59 ఉంది. ఆస్తి చేతులు మారితే కొన్నవాళ్లు లైసెన్సుకి కట్టుబడనక్కర్లేదు అంటుంది. ఈ రెంటి మధ్య వాదించుకోవచ్చు, కానీ అప్పుడు మీరు కోర్టు మెట్ల మీద ఉంటారు. పైగా కట్టుకున్నంత మాత్రాన నేల మీద యాజమాన్యం రాదు, ఆ లైసెన్సుని మీరు ఇంకొకరికి అమ్మలేరు.

ఇల్లు అమ్మకముందే మీ అన్నతో కూర్చోండి. పై పోర్షన్, దానికి తగ్గ విభజించని నేల వాటా, మెట్ల దారి, నీళ్ల ట్యాంకు, అన్నీ చెప్పి మీ పేరుతో రిజిస్టర్ దస్తావేజు రాయించుకోండి. లేదా అమ్మకం డబ్బులో మీకెంతో ముందే రాసుకోండి. ఆ ఇంటి మీద బ్యాంకు తాకట్టు ఉందేమో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీసి చూడండి. అన్ని తాకట్లూ ఈసీలో కనపడవు, కాబట్టి ఒరిజినల్ దస్తావేజు ఎవరి దగ్గరుందో కూడా అడగండి.

టంగుటూరు_తమ్ముడు

ఒరిజినల్ అన్న దగ్గర లేదు సార్. ఇప్పుడే వదినని అడిగి తెలుసుకున్నా. ఫైనాన్స్ వాళ్ల దగ్గర ఉందట.

కావలి_వకీలు

అయితే రేపే మీ దగ్గర్లోని లాయర్ని కలవండి. ఇక్కడ రాసుకునే సమయం కాదు ఇది.

వాగు_పక్క

వకీలు గారూ, మాది పొదిలి వైపు. వాగు పోరంబోకులో మా నాన్న కట్టిన రేకుల ఇల్లు. 22 ఏళ్లుగా పన్ను కడుతున్నాం. నోటీసు వచ్చింది.

కావలి_వకీలు

ప్రభుత్వ భూమి మీద 12 ఏళ్ల లెక్క ఉండదు, 30 ఏళ్లు. 22 ఏళ్ల పన్ను రసీదులు నివాసం ఉన్నట్టు చూపిస్తాయి, అంతే. 1905 ఆక్రమణల చట్టం సెక్షన్ 7 నోటీసు అయితే, అందులో ఇచ్చిన గడువు లోపల తప్పకుండా జవాబు ఇవ్వండి. చాలామంది భయపడి నోటీసు తీసుకోరు, జవాబు ఇవ్వరు. అదే పెద్ద నష్టం. వాగు స్థలాన్ని మీ పేరున క్రమబద్ధీకరిస్తారని ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. ఇల్లు లేనివాళ్లుగా వేరే చోట ఇంటి స్థలానికి అర్జీ పెట్టుకోండి.

కోవూరు_సెంటర్

వకీలు గారూ, నేను చెప్పింది తప్పే అనుకుందాం. కానీ కోర్టుకి పోతే ఆ పిల్లోడి అమ్మ ఇంకా పదేళ్లు అద్దె గదిలో ఉండాల్సిందే గదా. నేను ఆ మాట అన్నది అందుకే. మా వీధిలో ఆ తుమ్మచెట్లు మొలిచిన ఇంటి ముసలమ్మ ఆ ఇల్లు చూడకుండానే పోయింది.

కావలి_వకీలు

మీ బాధ నాకు అర్థమైంది. అందుకే దావా వేయమని నేను కూడా అనలేదు. దావా వేయకుండానే లోక్ అదాలత్‌కి పోవచ్చు. మండల లేదా జిల్లా న్యాయ సేవల సంస్థలో అర్జీ ఇస్తే రెండు వైపులనీ పిలిచి కూర్చోబెడతారు. అక్కడ రాజీ కుదిరితే వచ్చే అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 1987 న్యాయ సేవల సంస్థల చట్టం అది. పెన్నాగట్టు గారూ, ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, అది మీ అమ్మగారికీ, మేనత్తకీ కూడా వర్తిస్తుంది.

ఇంట్లోనే కుదిరితే ఇంకా మంచిది. అయితే పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకుని ఊరుకోవద్దు. ఎప్పుడో జరిగిపోయిన పంపకాన్ని గుర్తు కోసం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. మీ విషయంలో పంపకం ఇప్పుడు జరుగుతోంది, ఆ కాగితంతోనే జరుగుతోంది. కాబట్టి భాగపరిష్కార దస్తావేజు (పంపకం పత్రం) రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయాల్సిందే. మేనత్త తన వాటా వదులుకున్నా, అమ్మినా, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి.

ఒంగోలు_ఆడపడుచు

వదులుకోమని మాత్రం అడగకు బాబూ. మేనల్లుడు వచ్చి కాళ్ల దగ్గర కూర్చుంటే ఏ మేనత్త అయినా సంతకం పెట్టేస్తుంది. రేటు కట్టి అడుగు. ఆమె వద్దంటే అది ఆమె ఇష్టం.

*నాలుగు రోజుల తర్వాత*

పెన్నాగట్టు

ఊరికి వచ్చా. ముందు అల్లూరు పోయా, అమ్మని, చెల్లెల్ని తీసుకుని. అత్త అన్నం పెట్టాకే మాట్లాడనిచ్చింది. తాత దస్తావేజు ముందు పెట్టి, 10 అంకణాలు నీవి అత్తా, నేను నిన్ను అడగకుండా మొదలుపెట్టా, తప్పయిపోయింది అన్నా. ఆమె ఆ కాగితం చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తాత వేలిముద్ర మీద వేలు పెట్టి చూసింది. "ఇన్నేళ్లకి నన్ను అడిగినోడివి నువ్వే అబ్బయ్యా" అంది. అమ్మ ఏడ్చింది.

అత్తకి అక్కడ ఇల్లు అక్కర్లేదంట. ఊరి రేటుకి డబ్బులు తీసుకుంటానంది. 4 అంకణాలు నేను, 6 అంకణాలు చిన్నాయన వాళ్లు తీసుకుంటే నా 14, వాళ్ల 16 సరిపోతాయి. ఆ 6 అంకణాలకి చిన్నాయన కొడుకుల దగ్గర ఇప్పుడు డబ్బు లేదు. అత్త సంక్రాంతి దాకా ఆగుతానంది, కానీ ఆ మాట కూడా దస్తావేజులో రాయమంది.

చిన్నాయన దగ్గరికి అత్తే వచ్చింది. ముగ్గురం నేల మీద సుద్దతో గీసి చూపించాం. పెద్దోడు రోడ్డు ముఖం సంగతి మళ్లీ ఎత్తాడు. వాడి బాధ న్యాయమే. 12 అడుగుల్లో వాళ్లకి ఇల్లు ముందుకి రాదు. అందుకే నేను దక్షిణం వైపు గదిని వదులుకుంటా అన్నా, ముందు భాగంలో 6 అడుగులు తగ్గించి, అంత జాగా వెనక తీసుకుంటా. ఆ గోడ పునాది పోతుంది, వేసిన ఇటుక కొంత పనికొస్తుందన్నాడు మేస్త్రీ. వాళ్లకి రోడ్డు ముఖం 18 అడుగులు వస్తుంది. చిన్నోడు సరే అన్నాడు. పెద్దోడు ఇంకా ఏమీ అనలేదు, కానీ పోయేటప్పుడు అమ్మకి నమస్కారం పెట్టి పోయాడు.

కొలతగొలుసు సార్, మీరు ఎక్కడుంటారో నాకు తెలియదు. వీలైతే ఒక్కసారి మా ఊరికి వచ్చి కొత్త హద్దులు కొలిచి పెడతారా? రానూపోనూ కారు పంపిస్తా.

కొలతగొలుసు

ముందు భాగం 6 అడుగులు, 42 పొడవునా అయితే 252 అడుగులు, అంటే మూడున్నర అంకణాలు. వెనక 24 అడుగుల వెడల్పున పదిన్నర అడుగుల లోతు తీసుకుంటే సరిపోతుంది. పశ్చిమాన వాళ్లకి ఏడున్నర అడుగులే మిగులుతుంది, దాన్ని వాళ్లు దేనికి వాడుకుంటారో ముందే అడుగు. వెనక్కి జరిగేది 18 అడుగుల వెడల్పునే ఉంచితే లోతు 14 అవుతుంది, అప్పుడు నీ ఇల్లు తిన్నగా ఉంటుంది. రెండూ గీసి పెద్దోడికే చూపించు, వాడినే ఎంచుకోమను.

నేను నెల్లూరు మూలాపేటలోనే ఉంటాను. కారు వద్దు, బస్సులో వస్తా. ఆదివారం పొద్దున టేపు పట్టుకోవడానికి అన్నదమ్ములు ముగ్గురూ ఉండాలి. సున్నం, నాలుగు కొయ్య మేకులు తెచ్చి పెట్టు.